మెంగ్ అక్క వీపు మీద బాటరీ

మా పదకొండో అంతస్తులో ఎడమ తలుపు మెంగ్ అక్కది, కుడి తలుపు నాది. పదమూడేళ్ళుగా ఆవిడ ఊరేసిన కారం మామిడికాయ ముక్కలు తింటున్నదాన్ని కాబట్టి, ఆవిడ గురించి ఉన్నదున్నట్టు చెప్పే హక్కు నాకుంది. నిజానికి కొంత దాచుదామనుకున్నాను. కానీ దాచాల్సిందంతా మా గేటు కాపలా సూ తాత ఇప్పటికే కాలనీ అంతా చాటింపు వేసేశాడు. ఇక నేను దాచి ఏం లాభం?

మెంగ్ అక్క ముప్పై ఏళ్ళు చక్కెర మిల్లు తూకం గదిలో పనిచేసింది. చెరకు లారీలు తూచి తూచి ఆవిడ చేతులే త్రాసులైపోయాయి. చేతికి ఏదిచ్చినా బరువు చెప్పకుండా ఉండలేదు. బజార్లో క్యాబేజీ ఎత్తి "ఎనిమిది వందల ఇరవై" అంటుంది. కొట్టువాడు తూస్తే సరిగ్గా ఎనిమిది వందల ఇరవై గ్రాములే ఉంటుంది. పెళ్ళిచూపుల్లో మొగుణ్ణి చూసి "అరవై రెండు కిలోలు, పర్లేదు" అందట. ఆ మహానుభావుడు పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఆయన మాటొస్తే "చివర్లో నలభై తొమ్మిదికి వచ్చేశాడు చెల్లీ" అని కళ్ళు తుడుచుకుంటుంది.

ఒక్కగానొక్క కూతురు యాన్. పెళ్ళయి యోంగ్ నదికి అవతల అత్తగారింట్లో ఉంటుంది. మా వాళ్ళలో కూతురికి తొలిచూలు బిడ్డ పుడితే, నెల నిండిన పండగ నాడు అమ్మమ్మ తన చేత్తో కుట్టిన జోలె పట్టుకెళ్ళాలి. బిడ్డను వీపున కట్టుకునే జోలె అది. అది లేకుండా వెళ్ళిన అమ్మమ్మ, పెళ్ళికి భోజనానికి మాత్రమే వచ్చిన మనిషి కింద లెక్క. మెంగ్ అక్క యాన్ పెళ్ళి మర్నాడే సూది పట్టింది. మూడేళ్ళు కుట్టింది. నల్లటి గుడ్డ మీద ఎర్రటి దానిమ్మ పూలు, చుట్టూ సీతాకోకచిలుకలు, నడిమధ్యలో అరచేతి వెడల్పున నీలం, పసుపు దారాల సూర్యుడు. నేను కుడదామని కూర్చున్న ప్రతిసారీ నాకు నిద్రొచ్చింది కాబట్టి, ఆ పని విలువ నాకు బాగా తెలుసు.

మార్చి మొదట్లో మనవడు పుట్టాడు. కానీ అక్క వియ్యపురాలు పాంగ్ గారు పద్ధతుల మనిషి. నెల నిండేదాకా బయటివాళ్ళెవరూ రావద్దని కబురు పెట్టింది. ఆ బయటివాళ్ళ జాబితాలో అమ్మమ్మ కూడా ఉందని తెలిసి మెంగ్ అక్క మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, తప్పంతా నాదే అయినట్టు. ఆ పైన ఇంకో వార్త వచ్చింది. పాంగ్ గారు పిల్లాడికి కరెంటు తొట్టి కొన్నదట. చక్రాలు ఉంటాయి, దానంతటదే ఊగుతుంది, పాటలు పాడుతుంది.

"తొట్టే ఊపితే ఇక వీపులెందుకు చెల్లీ?" అంది మెంగ్ అక్క. "నా జోలె గోడకి తగిలిస్తారు. చూస్తూ ఉండు."

"గోడకి తగిలించినా అందంగానే ఉంటుందక్కా" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

ఇక అసలు కథ బాటరీది. మా ఊరు నానింగ్‌లో మనిషికి రెండు కాళ్ళు ఎంతో, కరెంటు బండి అంత. మెంగ్ అక్క బండి పాతదే గానీ ఊడదీసుకునే బాటరీ ఉంది, ఆరు కిలోలు. చార్జింగ్ పెట్టుకోవడానికి గేటు పక్కన షెడ్డుంది. బళ్ళు మూడు వందలు, పెట్టుకునే చోట్లు ముప్పై. మనం పెట్టి ఇటు తిరిగేసరికి ఎవడో మన ప్లగ్గు పీకి వాడిది పెట్టుకుంటాడు. దానికి తోడు ఆ నెలంతా మా ఊళ్ళో గోడలు చెమట పట్టే కాలం. నేల తడి, అద్దాలు తడి, మూడు రోజులు ఆరేసినా లోదుస్తులు తడే. షెడ్డు పైకప్పు నుంచి బొట్లు పడుతున్నాయి.

"నా బాటరీకి జలుబు చేసింది" అంది ఒక రోజు మెంగ్ అక్క. "నిన్న వంతెన మీద దగ్గి దగ్గి ఆగింది."

"బాటరీ దగ్గడమేంటక్కా?"

"నీ బండి నీతో మాట్లాడదు కాబట్టి నీకు తెలీదు. దాన్ని ఇంట్లోకి తెచ్చి వెచ్చగా పెట్టుకుంటాను."

బాటరీలు పైకి తేకూడదని మా లిఫ్టులో ఎర్ర అక్షరాల నోటీసు ఉంది. ఆ లిఫ్టు పైకప్పులో ఒక కన్ను కూడా ఉంది. లోపలికి కరెంటు బండి వస్తే తలుపు మూసుకోదు. "బండిని బయటకు తీయండి" అని ఒక ఆడగొంతు ఆగకుండా చెబుతుంది. నిరుడు నా కూరల చక్రాల సంచీని చూసి కూడా అరిచింది. ఆ కన్ను చూసేదంతా కింద సూ తాత గదిలో తెర మీద కనిపిస్తుంది. తాతకి డెబ్బై ఏళ్ళొచ్చినా ఆ తెర ముందునుంచి కదలడు.

ఆ సాయంత్రం నేను కింద లిఫ్టు కోసం నిలబడి ఉంటే మెంగ్ అక్క వచ్చింది. వీపు మీద జోలె కట్టుకుని ఉంది. మూడేళ్ళు కుట్టిన ఆ జోలెలో చిన్న బొంతలో చుట్టిన ముద్ద, పైన పసుపు తువ్వాలు. వెనక చేతులు పెట్టి ముద్దని మెల్లగా తడుతోంది.

"అక్కా! పాంగ్ గారు పంపిందా?"

"నోర్ముయ్, నడువ్" అంది పళ్ళ మధ్య నుంచి.

అప్పటికే సూ తాత గదిలోంచి బయటకొచ్చేశాడు. "అమ్మాయి పుట్టింటికి వచ్చిందా మెంగమ్మా? చెప్పనేలేదే! మనవడేనా? ఒక్కసారి ముఖం చూపించు!"

"నెల నిండలేదు తాతా. ముఖం చూపించకూడదు."

"అవునవును, చూపించకూడదు. ఎంత నెమ్మదస్తుడు! కిక్కురుమనడం లేదు. బరువెంత?"

బరువు అడిగితే మెంగ్ అక్క అబద్ధం చెప్పలేదు. అది ఆవిడ జబ్బు. "ఆరు కిలోలు" అంది.

"నెల నిండకుండానే ఆరు కిలోలా!" తాత నోరు తెరిచాడు. "ఏం పెడుతున్నారమ్మా బాలింతకి?"

లిఫ్టు కన్ను మమ్మల్ని చూసింది. ఆడగొంతు ఏమీ అనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరం పదకొండో అంతస్తు దాకా నిలబడ్డాం. తలుపు మూసుకున్నాక మెంగ్ అక్క బాటరీని సోఫా మీద పడుకోబెట్టి, బొంత సర్ది, చార్జరు తగిలించి, పైన మళ్ళీ జోలె కప్పింది.

"మనవడి జోలెలో బాటరీని మోస్తావా?" అన్నాను. "తొలిసారి బిడ్డనే కదా మోయాలి?"

"ఎవరికి తెలుస్తుంది? నీకు తెలుసు, నాకు తెలుసు."

ఆ తర్వాత వారం రోజుల్లో మూడుసార్లు ఇదే ఊరేగింపు. వార్త కాలనీ అంతా పాకింది. తొమ్మిదో అంతస్తు అవ్వ తీపి సారాలో ఉడికించిన కోడి పంపింది, బాలింతకి పాలు పడాలని. ఎవరో అల్లం బుట్టెడు తెచ్చారు. సూ తాత పెళ్ళాం తన చేత్తో అల్లిన ఎర్ర ఉన్ని టోపీ తెచ్చి ఇచ్చి వెళ్ళింది. కోడిని ఏం చేస్తాం? నేనూ మెంగ్ అక్కా తిన్నాం. చాలా బాగుంది, ఆ విషయంలో నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. టోపీ మాత్రం మెంగ్ అక్క మర్నాడు బాటరీకి తొడిగింది. పెట్టినవాళ్ళు అడుగుతారు, తల కనిపించకపోయినా టోపీ అయినా కనిపించాలి అంది.

ఒకటి మాత్రం చెప్పాలి. మూడోసారి పైకి వచ్చాక ఆవిడ జోలె వెంటనే విప్పలేదు. వంటింట్లోకి వెళ్ళింది, కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది. ఒక చెయ్యి వెనక్కి పెట్టి టోపీని తడుతూనే ఉంది. ఏదో పాత పాట కూడా కూనిరాగం తీసింది.

"అక్కా, అది బాటరీ."

"తెలుసు" అంది. "దించితే వీపు బోసిగా అనిపిస్తోంది చెల్లీ."

నెల పండగ ఆదివారం. శుక్రవారం మధ్యాహ్నం చార్జరు చచ్చిపోయింది. దాన్ని ఆవిడ బండి ముందు బుట్టలోనే పడేసి తిప్పుతుంది, గతుకుల్లో అదిరి, తడికి నాని, దీపం వెలగడం మానేసింది. ఆదివారం పండగలో పంచే ఎర్ర గుడ్లు, జోలె వేసుకుని వంతెన దాటాలంటే బాటరీ నిండాలి. కొత్త చార్జరు కావాలంటే గేటు బయట మో మేస్త్రి దుకాణం ఉంది. కానీ మో మేస్త్రి ఊరికే అమ్మే మనిషి కాదు. బాటరీ పట్టుకురా అంటాడు, దాని మీద అంకె చూపించు అంటాడు, ఎక్కడ చార్జింగ్ పెడుతున్నావో చెప్పమంటాడు. ఆ చివరి ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు నేను నోరు తెరిచాను. అందుకే ఈ కథ చెప్పే అర్హత నాకే ఎక్కువ ఉంది.

"నా బండి చార్జరు ఉంది కదక్కా. కొత్తది, పెద్దది. నీ దానికంటే తొందరగా నింపుతుంది."

తెచ్చాను. గుండ్రటి మూతి, లోపల రెండు చిన్న బొక్కలు. ఆవిడ దాని మూతీ అంతే. నొక్కితే టక్కున కూర్చుంది. ఎర్ర దీపం వెలిగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని తెగ సంబరపడ్డాం. చార్జరు కాస్త వెచ్చబడుతుంటే అది బాటరీకి మంచిదే అనుకుని, దాన్ని కూడా బొంతలోకి తోసి, పైన జోలె కప్పి, టోపీ సర్ది, గుడ్లకి ఎర్ర రంగు వేయడానికి మా వంటింటికి వెళ్ళాం. నూట ఎనభై గుడ్లు. నూట పదో గుడ్డు మీద ఉండగా మెంగ్ అక్క ముక్కు ఎగబీల్చింది.

"చక్కెర మాడుతోంది."

"మనం చక్కెర వండటం లేదక్కా."

"ముప్పై ఏళ్ళు మిల్లులో ఉన్నాను. పాకం మాడితే నాకు తెలీదా?"

అనేసి ఎర్ర చేతులతోనే పరుగెత్తింది. వాళ్ళ తలుపు తీస్తే సోఫా మీది బొంతలోంచి సన్నగా పొగ. నేను గడపలోనే బిగుసుకుపోయాను. మెంగ్ అక్క మాత్రం తలుపు పక్క పెట్టె తెరిచి ఇంటి కరెంటు మొత్తం కట్టేసింది, ఆ తెలివి ఎక్కడ దాగుందో తెలీదు. జోలె కొస పట్టుకుని లాగింది. అప్పటికే వరండాలో పొగ పసిగట్టే గంట మోగుతోంది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. మంటలార్పే ఎర్ర సిలిండరు చంకన పెట్టుకుని సూ తాత దూకాడు.

"పిల్లాడెక్కడ? బాలింత ఎక్కడ? బయటికి తీసుకురండి!"

తాత సోఫా దగ్గరికి ఉరికి, ఎర్ర టోపీ చూసి, "అయ్యో నా తండ్రీ!" అని బొంత లాగేశాడు. టోపీ కింద బాటరీ. దాని పక్కన మూతి కరిగి ఒరిగిపోయిన నా చార్జరు. తాత టోపీనీ బాటరీనీ మార్చి మార్చి చూశాడు. టోపీ తన పెళ్ళాం అల్లిందని గుర్తుపట్టాడు. ఆ దిగ్భ్రమలో చేతిలో ఉన్నదాని పిడి నొక్కేశాడు. సిలిండరులో ఉన్న పొడి అంతా మా ముగ్గురి మీదా పడింది. పిండిలో దొర్లించిన బూరెల్లా నిలబడ్డాం.

"ఆరు కిలోలు" అన్నాడు తాత, కళ్ళ మీది పొడి తుడుచుకుంటూ. "ఆరు కిలోలని చెప్పినప్పుడే నేను అనుకోవాల్సింది."

మమ్మల్ని వరండాలోకి గెంటి, తాతే మో మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి మందపాటి తోలు చేతితొడుగులతో, ఇసుక బక్కెట్టుతో వచ్చాడు. బాటరీ పొట్ట ఉబ్బి ఉంది. దాన్ని ఇసుకలో పెట్టి, ముందు కిందికి తీసుకెళ్ళి ఖాళీ స్థలంలో దూరంగా పెట్టాడు. తర్వాత పైకి వచ్చి చార్జరు వెనక కాగితం చదివాడు. తర్వాత మమ్మల్ని చదివాడు.

"ఈ చార్జరు ఎవరిది?"

"నాది" అన్నాను.

"దీని మీద ఏముంది?"

"ఏదో రాసుంది..."

"అరవై వోల్టులు అని రాసుంది. మెంగ్ అక్కా, నీ బాటరీ మీద?"

"చూడలేదు తమ్ముడూ. మూతి సరిపోయింది."

"మూతి సరిపోతే చాలా? కాలు దూరిందని ఊళ్ళో చెప్పులన్నీ నీవైపోతాయా? నీది నలభై ఎనిమిది. చెరకు లారీ ఎనిమిది టన్నులదైతే పది టన్నులు ఎక్కించి వస్తే ఏం చేసేదానివి?"

మెంగ్ అక్క తల వంచుకుంది. "జరిమానా వేసేదాన్ని."

"మరి ఈ బాటరీ నీకు జరిమానా వేసింది. లోపల ఓ చిన్న పలక ఉంటుంది, కరెంటు ఎక్కువైతే అడ్డు పడుతుంది. అది చచ్చి మిమ్మల్ని బతికించింది. పైగా బొంత కప్పారు! కప్పితే చలి పోవడం కాదు, దాని వేడి బయటికి పోదు. మెత్తటి సోఫా మీదా? ఇంట్లో మనిషి లేకుండానా? బండి దిగగానే వేడి మీదే తగిలించేవాళ్ళు కదూ?"

"దానికి జలుబు చేసిందని, వెచ్చగా ఉంటుందని..."

"అది పిల్లాడా? చల్లారనివ్వాలి. తర్వాత దాని చార్జరే, దాని అంకే. గట్టి నేల మీద, పైన ఏమీ లేకుండా, కంటి ఎదురుగా, కింద షెడ్డులో. పచ్చ దీపం వచ్చాక తీసెయ్యాలి. ఇంట్లో వద్దు, వద్దు, వద్దు! కొరివితో తల గోక్కుంటూ జలుబుకి మందంటారా?"

నేను మా పెద్దయ్య చేత కూడా ఇన్ని తిట్లు తినలేదు. ఎదురు చెబుదామంటే ఒక్క మాటా తప్పు లేదు. షెడ్డులో చినుకులు పడుతున్నాయని మాత్రం సన్నగా గొణిగాను. "ఆ పైకప్పు సంగతి నేను చూస్తా" అని సూ తాత అరిచాడు. ఆయన జుట్టు నుంచి ఇంకా పొడి రాలుతోంది.

అందరూ వెళ్ళాక మెంగ్ అక్క జోలె విప్పి చూసింది. నడిమధ్య సూర్యుడు లేడు. ఉన్నచోట అరచేతంత నల్లటి కంత, అంచులు గట్టిపడి. ఆవిడ ఏడవలేదు. ఆ కంతలోంచి వేలు దూర్చి చూసింది.

"పాంగ్ గారు దీన్ని ముట్టుకోదు" అంది. "ముట్టుకోనక్కర్లేదు కూడా. పిల్లాడు తొట్టిలో పెరుగుతాడు."

ఆ చార్జరు నాది. శనివారం పొద్దున్న నేను దారాల పెట్టె పట్టుకుని వెళ్ళాను. కంత మీద ఓ సీతాకోకచిలుకని కుట్టేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాను. ఆవిడ అప్పటికే ఎర్రగుడ్డ అతుకు వేసేసింది. దాని మీద గులాబీ రంగు దారంతో గుండ్రంగా కుడుతోంది. గుండ్రం లోపల రెండు నల్ల చుక్కలు పెట్టింది.

"ఇదేంటక్కా?"

"చార్జరు మూతి."

"పిల్లాడి జోలె మీదా!"

"ముప్పై ఏళ్ళు ఒక్క లారీ కూడా తప్పు తూయలేదు. కళ్ళ ముందున్న అంకె చదవలేదు. దీన్ని సీతాకోకచిలుక కింద దాస్తే, చూసిన ప్రతిసారీ అది నన్ను వెక్కిరిస్తుంది."

దూరం నుంచి చూస్తే అది అచ్చంగా పంది ముట్టె. ఆ మాట నేను చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉందనీ చెప్పలేదు. ఈమధ్య నేను కూడా కొంచెం మారాను.

ఆదివారం గుడ్ల బుట్టలు పట్టుకుని బస్సులో వెళ్ళాం. పాంగ్ గారింట్లో నాలుగు బల్లలు వేశారు. వాకిట్లోకే బాతు కూర వాసన. హాలు మధ్యలో కరెంటు తొట్టి. తెల్లగా, పెద్దగా ఉంది, మా ఇంట్లో నా మంచం కన్నా వెడల్పు. దానంతటదే ఊగుతోంది, ఏదో పాట మోగుతోంది, లోపల మెత్తల మధ్య పిల్లాడి ముక్కు మాత్రం కనిపిస్తోంది. యాన్ వచ్చి అమ్మ చేయి పట్టుకుంది. పాంగ్ గారు కూడా నవ్వుతూనే వచ్చింది. పొట్టి జుట్టు, ఇస్త్రీ చీర మడతలాంటి మనిషి.

మెంగ్ అక్క జోలె విప్పి రెండు చేతులతో అందించింది. చుట్టాలు మూగారు.

"అబ్బ, ఎంత పని! దానిమ్మలు చూడండి!"

"మధ్యలో పంది ముట్టె! బిడ్డ బొద్దుగా పెరగాలనా? భలే ఆలోచన!"

నేను మెంగ్ అక్క నడుము గిల్లాను. "పందే అనెయ్, అక్కా. పంది అనెయ్."

"పంది కాదండీ" అంది మెంగ్ అక్క. "చార్జరు మూతి." అని మొదలుపెట్టి, బాటరీ జలుబు నుంచి సూ తాత సిలిండరు దాకా, చివరికి కోడి తిన్న సంగతి కూడా పూస గుచ్చినట్టు చెప్పేసింది. ఎక్కడా దాచలేదు. చార్జరు నాదని మాత్రం చెప్పలేదు. ఆ మేలు నేను జన్మలో మరచిపోను.

తొట్టి పాట మాత్రం పాడుతోంది.

"అంటే నా మనవడికంటే ముందు ఇందులో బాటరీని మోశారు" అంది పాంగ్ గారు.

"మోశాను."

"కాలింది కూడా."

"కాలింది."

పాంగ్ గారు జోలెని నాలుగు మడతలు పెట్టింది. అటూ ఇటూ చూసి చెప్పుల బల్ల మీద పెట్టింది. "ఈ తలనొప్పులన్నీ ఎందుకనే నేను తొట్టి కొన్నాను వదినగారూ. రండి, కూర్చోండి, బాతు చల్లారిపోతుంది."

మెంగ్ అక్క కూర్చోలేదు. నేను ఆవిడ ముఖం చూడలేక బల్ల మీది గుడ్లు చూస్తున్నాను. ఆ ఎర్ర గుడ్లలో సగం నేను రంగు వేసినవే, అవి కూడా నన్ను చూసి సిగ్గుపడుతున్నట్టు అనిపించింది. అప్పుడు ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందనుకున్నాను.

"చెల్లీ" అంది. "చక్కెర."

నాకూ వచ్చింది వాసన. సన్నగా, తియ్యగా, మాడినట్టు. ఆవిడ తొట్టి దగ్గరికి నడిచి, కింది నుంచి వెళ్తున్న తీగ వెంట గోడ దాకా వెళ్ళి, మారు మాట్లాడకుండా ప్లగ్గు పీకేసింది. పాట ఆగింది. తొట్టి ఆగింది.

"ఏం చేస్తున్నారు? వాడు పడుకున్నాడు!" అంది పాంగ్ గారు.

మెంగ్ అక్క పిల్లాణ్ణి ఎత్తి యాన్ చేతికిచ్చింది. తొట్టి అడుగున మెత్తలెత్తింది. వాటి కింద, మడతల్లో ఇరుక్కుని, నల్లటి చార్జరు. చెయ్యి పెట్టి, కాలేసరికి చటుక్కున వెనక్కి లాక్కుంది. తర్వాత తువ్వాలుతో పట్టుకుని వెలుతుర్లోకి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వెనక కాగితం చదివింది.

"ఇది ఈ తొట్టిదేనా?"

"దానిది ఎక్కడో పోయింది" అంది పాంగ్ గారు. "అది మా మసాజ్ కుర్చీది. మూతి సరిపోయింది కదా అని..."

నేనూ మెంగ్ అక్కా ఒకరినొకరు చూసుకున్నాం.

"మూతి సరిపోతే చాలా?" అంది మెంగ్ అక్క. మో మేస్త్రి గొంతు అచ్చంగా దిగింది. "కాలు దూరిందని ఊళ్ళో చెప్పులన్నీ మీవైపోతాయా? ఇదిగో, తొట్టి మీద పన్నెండు. దీని మీద ఇరవై నాలుగు. ఎనిమిది టన్నుల లారీ మీద పదహారు టన్నులు! పైగా మెత్తల కింద! కప్పితే దాని వేడి ఎటు పోతుంది? పైన పిల్లాణ్ణి పెట్టుకుని చార్జింగా?"

పాంగ్ గారి ముఖం తెల్లబోయింది. మెత్త ఎత్తి చూసింది. చార్జరు ఉన్నచోట పసుపు రంగు మచ్చ, అరచేతంత. దాని మీద వేలు పెట్టి, మనవడి వైపు చూసి, మళ్ళీ వేలు చూసుకుంది. నేను పద్ధతుల మనుషుల్ని చాలామందిని చూశాను. వాళ్ళు క్షమించమని అడగరు, అడగడం వాళ్ళకి రాదు. ఆవిడ తిన్నగా చెప్పుల బల్ల దగ్గరికి వెళ్ళి, జోలె తీసి, లేని దుమ్ము రెండుసార్లు దులిపింది.

"ఇది ఎలా కట్టాలో నాకు తెలియదు" అంది. "మీరే కట్టుకోండి."

యాన్ పిల్లాణ్ణి అమ్మ వీపు మీద పెట్టింది. నేను పట్టీలు అందించాను. మెంగ్ అక్క చేతులు వారం రోజులుగా ఆ ముళ్ళు వేస్తూనే ఉన్నాయి కదా, క్షణంలో కట్టేసింది. నడుం కొంచెం వంచి, ఒకసారి ఎగరేసి సర్దుకుంది. కళ్ళు మూసుకుంది. మాకందరికీ తెలుసు ఇప్పుడేం వస్తుందో.

"నాలుగు కిలోల ఆరు వందల యాభై."

పాంగ్ గారు ఆశ్చర్యపోయింది. ఆ పొద్దున్నే తూచిందట. నాలుగు కిలోల ఆరు వందల యాభయ్యే.

"బాటరీకన్నా తేలికే" అంది మెంగ్ అక్క. అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి పెట్టి తట్టింది. అప్పుడు పిల్లాడికి నిద్రాభంగమైందన్న సంగతి గుర్తొచ్చినట్టుంది, నోరు తెరిచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నాడు. యాన్ కంగారుగా ముందుకొచ్చింది. పాంగ్ గారూ వచ్చింది.

"ఆగండి, ఆగండి!" అంది మెంగ్ అక్క. ముఖం మీద నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం చెవుల దాకా నవ్వుతోంది. "విన్నావా చెల్లీ? ఏడుస్తున్నాడు! బాటరీ ఏడవలేదు, ఇది ఏడుస్తోంది!"

ఆ మధ్యాహ్నం బాతు కూర వడ్డించి, గిన్నెలు ఎత్తేసేదాకా ఆవిడ ఆ నాలుగు బల్లల చుట్టూ తిరుగుతూనే ఉంది. పాంగ్ గారు మూడుసార్లు కుర్చీ వేసింది. మెంగ్ అక్క కూర్చోలేదు. కూర్చుంటే బరువు సరిగా తెలియదట.